కొలతలు చెప్పే కోట

లండన్ నగరంలో థేమ్స్ నది ఉత్తరపు గట్టున ఒక పాత కోట ఉన్నది. దాని పేరు లండన్ టవర్. టవర్ అన్నారు గదా అని ఒక్క బురుజే ఉంటుందనుకునేరు! ఒకదాని చుట్టూ ఒకటిగా రెండు ప్రాకారాలు, ఇరవై దాకా బురుజులు, ఇళ్ళు, చర్చి, పచ్చిక బయలు - ఇవన్నీ కలిస్తేనే ఆ కోట. ఇంగ్లండు రాజులు అక్కడ కాపురం ఉన్నారు, ధనం దాచుకున్నారు, గిట్టనివాళ్ళను పట్టి బంధించారు.

ఈసారి మనం ఆ కోటకు పోదాం. అక్కడ ఎర్రంచు నీలి దుస్తుల్లో కనిపించే కాపలాదార్లే గైడులు. సైన్యంలో కనీసం 22 ఏళ్ళు పనిచేసినవాళ్ళకే ఆ ఉద్యోగం. ఏ రాణి తల ఎక్కడ నరికారో వాళ్ళు మహా రక్తిగా చెబుతారు. ఆ కథలు వాళ్ళ నోటనే వినండి, బాగుంటాయి. మనకు మాత్రం వేరే పని ఉన్నది. తొమ్మిది వందల యేళ్ళలో ఆ గోడల మధ్య ఏమేమి తూచారో, ఏమేమి కొలిచారో చూసి రావాలి. అందుకు మూడు సరుకులు దగ్గర పెట్టుకోండి: జేబులో ఒక నాణెం, ముప్పయి గోళీలు, ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళు. ఇంట్లో కూచుని చదివేవాళ్ళకూ ఇవి పనికివస్తాయి.

టవర్ హిల్ అనే భూగర్భ రైలు స్టేషనులో దిగి పైకి వస్తే ముందు కనిపించేది కోట కాదు, ఒక మొండి గోడ. అది రోమనులు కట్టిన నగర ప్రాకారం. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి దండెత్తి వచ్చి ఇంగ్లండును గెలిచిన విలియం రాజు తన కోటకు ఆ రోమను గోడ మూలనే ఎంచుకున్నాడు. రెండు వైపులా గోడ ఉండనే ఉన్నది. నది కూడా సమీపమే. కొత్తగా వచ్చిన రాజుకు అంతకన్నా చవక బేరం ఏముంటుంది?

కోట చుట్టూ లోతైన గడ్డి పల్లం కనిపిస్తుంది. అది ఒకప్పటి కందకం. 13వ శతాబ్దం చివర మొదటి ఎడ్వర్డ్ రాజు తవ్వించాడు. వెడల్పు సుమారు 50 మీటర్లు. థేమ్స్ నదికి సముద్రపు ఆటుపోట్లు లండన్ దాకా వస్తాయి. పోటు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి కందకాన్ని కడిగిపోవాలి గదా! కాని తూములు సరిగా సాగలేదు. వచ్చిన నీరు పోలేదు. దానికి తోడు ఊరి మురుగు. శత్రువును ఆపవలసిన నీళ్ళు చివరకు కోటలోని సైనికులనే మంచం పట్టించాయి. 1843లో నీరంతా తోడించి ఎండగట్టారు.

ఇక లోపలికి పోదాం. పడమటి ద్వారం దగ్గర ఇనుప తీగలతో అల్లిన సింహాలు మిమ్మల్ని చూస్తూ ఉంటాయి. అవి ఈ మధ్య పెట్టిన శిల్పాలే గాని, ఆ చోట ఒకప్పుడు నిజం సింహాలే ఉండేవి. పరదేశపు రాజులు కానుకగా పంపిన జంతువులను ఆరు వందల ఏళ్ళు అక్కడే ఉంచారు. 1252లో నార్వే నుంచి ఒక తెల్ల ఎలుగుబంటి వచ్చింది. దాని మూతికి కట్టే చిక్కానికీ, గొలుసుకూ, థేమ్స్‌లో దిగి చేపలు పట్టుకోవటానికి వీలుగా పొడుగాటి తాడుకూ డబ్బు లండన్ నగరాధికారులే ఇవ్వాలని రాజాజ్ఞ అయింది. 1255లో ఫ్రాన్సు రాజు ఒక ఏనుగును పంపాడు. మాథ్యూ పారిస్ అనే సన్యాసి దాన్ని చూసి బొమ్మ వేశాడు. పక్కనే మావటివాణ్ణి కూడా వేశాడు. మనిషిని బట్టి ఏనుగు ఎంతటిదో పోల్చుకోండని ఆయన ఉద్దేశం. మీ పాఠ్యపుస్తకంలో రాతి నమూనా పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తారు చూడండి, అదే పద్ధతి! ఏనుగుకు కట్టిన పాక 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంతటి జంతువుకు అది ఏ మూలకు? రెండేళ్ళకే చచ్చిపోయింది.

సింహాలు ఎక్కడివో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1936-37లో కందకం తవ్వుతుంటే రెండు సింహాల పుర్రెలు దొరికాయి. ప్రాణమున్నంత కాలం ప్రతి జీవీ గాలిలోని కార్బన్‌ను ఆహారం ద్వారా తీసుకుంటూనే ఉంటుంది. అందులో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం రవ్వంత ఉంటుంది. చచ్చాక కొత్తది రాదు. ఉన్నది 5,730 సంవత్సరాలకు సగం చొప్పున తరిగిపోతుంది. మిగిలినదాన్ని లెక్కిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. అలా చూస్తే ఒక సింహం 1280-1385 మధ్యదని తేలింది. రెండోది 1420-1480 మధ్యది. ఎముకలోని డి.ఎన్.ఏ.ను పరీక్షిస్తే అవి ఉత్తర ఆఫ్రికాకు చెందిన బార్బరీ జాతి సింహాలని 2008లో వెల్లడయింది. ఆ జాతి ఇప్పుడు అడవుల్లో ఎక్కడా లేదు. 1835లో కోటలోని జంతుశాలను పూర్తిగా ఎత్తివేశారు. అప్పటికే చాలా జంతువులు ఊళ్ళోని కొత్త జంతు ప్రదర్శనశాలకు వెళ్ళిపోయాయి.

టంకశాల వీధి

రెండో ద్వారం దాటగానే ఎడమచేతి వైపు రెండు ప్రాకారాల నడుమ సన్నని సందు ఒకటి పోతుంది. పేరు మింట్ స్ట్రీట్, అంటే టంకశాల వీధి. 13వ శతాబ్దం నుంచి 1810 ప్రాంతాల దాకా ఇంగ్లండు నాణేలు ఇక్కడే తయారయ్యాయి. మిగతావాళ్ళు ఈ సందును తొంగి చూసి ముందుకు పోతారు. మనం కాసేపు నిలబడదాం. ఎందుకంటే 1696లో ఒక లెక్కల పంతులు ఇక్కడ ఉద్యోగానికి వచ్చాడు. ఆయన ఎవరో కాదు, ఐజాక్ న్యూటన్.

ఆపిల్ పండు, గురుత్వాకర్షణ - న్యూటన్ అంటే మనకు అంతవరకే తెలుసు. ఆయన ఆఖరి ముప్పయి యేళ్ళు టంకశాల అధికారిగా గడిపాడని చాలామందికి తెలియదు. మొదట వార్డెన్‌గా వచ్చాడు; 1699 చివర మాస్టర్ అయ్యాడు; 1727లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు.

ఆయన వచ్చేసరికి దేశంలో వెండి నాణేలు పాడైపోయి ఉన్నాయి. పాత నాణేలు సుత్తితో కొట్టి చేసినవి. ఏ రెండూ ఒక్క తీరున గుండ్రంగా ఉండవు. అంచును కత్తెరతో కొంచెం కత్తిరించుకుంటే ఎవరు కనిపెడతారు? అలా అందరూ తలా కాస్త కత్తిరించగా కత్తిరించగా 1695 నాటికి చాలా నాణేల బరువు ఉండవలసినదానిలో సగానికి వచ్చింది. 1662 నుంచి యంత్రంతో చేసిన నాణేలకు మాత్రం అంచున గీతలో, అక్షరాలో వేసేవారు. అంచు కత్తిరిస్తే గీత పోతుంది, దొంగ దొరికిపోతాడు. ఇప్పుడు మీ జేబులోని నాణెం తీసి అంచును గోటితో గీకండి. గరగరమని గీతలు తగిలితే, మూడు వందల యాభై యేళ్ళనాటి ఆ దొంగల మీద పన్నిన ఉపాయమే మీ వేలికి తగులుతున్నదన్నమాట!

పాత వెండినంతా కరిగించి కొత్తగా పోతపోయాలన్నారు. సుమారు 68 లక్షల పౌన్ల విలువైన వెండి అది. న్యూటన్ కార్మికుల పక్కన నిలబడి వాళ్ళ పనిని నిమిషాల్లో లెక్కవేశాడు. ఒక అచ్చుయంత్రం నిమిషానికి 50, 55 దెబ్బలు కొట్టగలదని రాసుకున్నాడు. మీ నాడి పట్టుకుని చూడండి. దానికన్నా కొంచెం నిదానం, అంతే. ప్రతి దెబ్బకూ మధ్య ఒక మనిషి కొత్త బిళ్ళను అచ్చులో పెట్టి వేళ్ళు వెనక్కి తీసుకోవాలి.

ఇంతకన్నా నాకు నచ్చిన సంగతి మరొకటి ఉన్నది. బంగారు గినీలు చేసేటప్పుడు అన్నీ సరిగ్గా ఒకే బరువు రావు. కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ వస్తాయి. వంద నాణేల మొత్తం బరువు సరిపోతే చాలునని అంతకుముందు వాళ్ళు అనుకునేవారు. సగటు సరిపోయింది గదా, ఇంకేం? కాని కంసాలులకు ఒక ఉపాయం తెలుసు. కొత్త నాణేలు తెచ్చుకుని ఒక్కొక్కటే తూచేవారు. తేలికవాటిని ఖర్చుపెట్టేవారు. బరువైనవాటిని కరిగించి, ఆ బంగారాన్నే మళ్ళీ టంకశాలకు తెచ్చి కొత్త నాణేలు చేయించుకునేవారు. మిగులు లాభం! ఇలా తిరిగివచ్చే నాణేలకు 'మళ్ళీ రా గినీలు' అని ముద్దుపేరు కూడా ఉండేది. సగటు ఒక్కటే సరిపోతే చాలదు, ఒక్కొక్కటీ సగటుకు ఎంత దూరంగా ఉన్నదో అదీ చూడాలని న్యూటన్ గ్రహించాడు. తూనికను బిగించి ఆ తేడాను తగ్గించాడు. మీరు పై తరగతుల్లో గణాంకశాస్త్రం చదివేటప్పుడు 'విచలనం' అనే మాట వస్తుంది. అది వచ్చినప్పుడు ఈ కంసాలులను తలుచుకోండి.

టంకశాల మీద కూడా నిఘా ఉండేది. తయారైన నాణేల్లోంచి కొన్నిటిని తీసి పెట్టెలో వేసి తాళం వేసేవారు. తరువాత బయటి కంసాలుల సంఘం వచ్చి వాటిని తూచి, కరిగించి, లోహం స్వచ్ఛతను తేల్చేది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకుని చూస్తారే, అలాంటిదే. ఈ పరీక్ష 13వ శతాబ్దంలో మొదలయింది. ఇప్పటికీ బ్రిటన్‌లో ఏటా జరుగుతున్నది.

ఇక రెండో వైపు చూడండి. దొంగ నాణేలు చేయటం ఆ దేశంలో రాజద్రోహం. శిక్ష మరణం. అలాంటివాళ్ళను పట్టుకోవటం కూడా వార్డెన్ పనే. ఈ పని తనకు వద్దని న్యూటన్ మొదట వేడుకున్నాడు. తప్పదన్నారు. తప్పదన్నాక, ఆకాశంలో గ్రహాలను లెక్కవేసినంత పట్టుదలతో దొంగలను వెంటాడాడు. రహస్యంగా మనుషులను పంపాడు, జైళ్ళకు వెళ్ళి వాంగ్మూలాలు తీసుకున్నాడు. విలియం చాలనర్ అనే ఘటికుడు ఒకడు ఉండేవాడు. టంకశాలలో పని సరిగా జరగటం లేదు, నన్ను లోపలికి రానిస్తే మంచి పద్ధతి చూపిస్తానని ఏకంగా పార్లమెంటుకే మనవి చేసుకున్నాడు! న్యూటన్ రానివ్వలేదు. సాక్షులను ఒక్కొక్కరినే కూడగట్టి కేసు బిగించాడు. చాలనర్ జైలునుంచి ప్రాణభిక్ష పెట్టమని న్యూటన్‌కు ఉత్తరాలు రాశాడు. ఫలితం లేకపోయింది. 1699 మార్చిలో అతణ్ణి ఉరితీశారు.

మనం పుస్తకాల్లో చూసే న్యూటన్ బొమ్మకు ఇది సరిగా అతకదు. ఐనా ఇదీ ఆయన జీవితమే. త్రాసు ఒక గింజంత ఇటు మొగ్గితే ఒక మనిషి ప్రాణం పోయే కాలం అది.

గుడ్లు పెట్టని కోళ్ళగూడు

సందులోంచి తిరిగివచ్చి నది వెంట పోయే రాతి బాటలో నడవండి. కుడివైపు నీటి ద్వారం కనిపిస్తుంది. ఖైదీలను పడవలో తెచ్చి ఇక్కడ దింపేవారు. ఎదురుగా ఉన్నది 'నెత్తుటి బురుజు'. పేరు భయంకరమే గాని, ఇందులో పదమూడేళ్ళు బందీగా ఉన్న వాల్టర్ రాలీ అనే సముద్ర యాత్రికుడు పక్కనే ఉన్న కోళ్ళగూటిని ప్రయోగశాలగా మార్చుకున్నాడు. 1603 నుంచి 1616 దాకా అక్కడ బట్టీలు పెట్టి మందులు కాచాడు. ప్రపంచ చరిత్ర రాశాడు. 1612లో యువరాజుకు తీవ్రమైన జ్వరం వస్తే రాణి కబురుచేసి రాలీ మందును తెప్పించింది. యువరాజు బతకలేదు. అది టైఫాయిడ్ జ్వరమై ఉండవచ్చునని నేటి వైద్యుల ఊహ. దానికి ఏ బట్టీ మందూ పనిచేసేది కాదు.

అదే కోటలో ఆ రోజుల్లోనే నార్తంబర్లాండ్ ప్రభువు హెన్రీ పెర్సీ కూడా ఖైదీ. ఆయన్ని చూడటానికి థామస్ హారియట్ అనే పండితుడు వచ్చిపోతుండేవాడు. గలీలియో కన్నా కొద్ది నెలల ముందు, 1609 జూలైలో, దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీసినవాడు ఇతడే. కాంతి గాలిలోంచి నీటిలోకో గాజులోకో పోయేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సూత్రాన్నీ 1602 ప్రాంతంలోనే కనిపెట్టాడు. పాపం, ఏదీ అచ్చువేయలేదు. కీర్తి ఇతరులకు పోయింది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

ఇప్పుడు గోళీలు తియ్యండి. అంతకు చాలా ఏళ్ళ ముందు రాలీ ఓడల్లో తిరిగే రోజుల్లో హారియట్‌ను ఒక ప్రశ్న అడిగాడు: గుట్టగా పేర్చిన ఫిరంగి గుండ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకుండా చెప్పటం ఎలా? అడుగున నాలుగు వరుసల్లో నాలుగేసి, అంటే 16 గోళీలు పెట్టండి. పైన 9, ఆపైన 4, కొసన 1. మొత్తం 30. అడుగు వరుస చూస్తే చాలు, గుట్ట లెక్క తేలుతుంది. ఇంతకన్నా తక్కువ చోటులో గుండ్లను ఇరికించవచ్చునా అన్నది తరువాతి ప్రశ్న. హారియట్‌తో ఉత్తరాలు నడిపిన కెప్లర్, వీల్లేదని 1611లో రాశాడు. మన పండ్ల కొట్టువాడికి బత్తాయిలు పేర్చేటప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసిన ఈ సంగతికి గణిత నిరూపణ మాత్రం 1998 దాకా దొరకలేదు! థామస్ హేల్స్ అనే అమెరికా గణితవేత్త కంప్యూటరు సాయంతో దాన్ని సాధించాడు.

తెల్ల బురుజు

కోట నడిబొడ్డున చతురస్రాకారంలో నిలబడినదే తెల్ల బురుజు. విలియం రాజు 1070లలో మొదలుపెట్టించాడు. 1100 నాటికి పూర్తయింది. ఎత్తు 27 మీటర్లు. అడుగున గోడల మందం నాలుగున్నర మీటర్లు - మీ తరగతి గదిలో ఈ గోడ కడితే మీకు కూచోవటానికి చోటుండదు. మంచి రాయి నార్మండీ నుంచి ఓడల్లో వచ్చింది. 1240లో మూడో హెన్రీ సున్నం వేయించాడు, అప్పటినుంచి తెల్ల బురుజు అయింది. వాకిలి నేలమీద లేదు చూడండి. కొయ్య మెట్లెక్కి పోవాలి. శత్రువు వస్తే మెట్లు తీసేసుకోవచ్చునన్నమాట.

ఇంత గట్టి చెరలోంచి మొట్టమొదటి ఖైదీయే తప్పించుకుపోయాడు. రనల్ఫ్ ఫ్లాంబార్డ్ అనే ఆ బిషప్పు 1101లో సారాయి పీపాలో దాచి తెప్పించిన తాడు పట్టుకుని కిటికీలోంచి దిగిపోయాడు, కాపలావాళ్ళకు ముందే ఆ సారాయి పట్టించి!

ఆ మెట్ల దగ్గర ఆగాలి. ఇది కొంచెం బాధ కలిగించే సంగతి. 1483లో తండ్రి చనిపోగా పన్నెండేళ్ళ అయిదో ఎడ్వర్డ్ రాజు కావలసి ఉన్నది. పట్టాభిషేకం దాకా అని అతణ్ణీ, తొమ్మిదేళ్ళ తమ్ముడు రిచర్డునూ ఈ కోటలో ఉంచారు. పినతండ్రి తానే రాజయ్యాడు. పిల్లలు కొన్నాళ్ళు పచ్చికలో ఆడుకుంటూ కనిపించారు. ఆ తరువాత కనిపించలేదు. 1674లో ఇక్కడి మెట్లు తొలగిస్తుంటే దాదాపు పదడుగుల లోతున కొయ్యపెట్టెలో ఇద్దరు పిల్లల ఎముకలు బయటపడ్డాయి. వెస్ట్‌మినిస్టర్ చర్చిలో ఒక రాతి పాత్రలో పెట్టారు. 1933లో దాన్ని తెరిచి పరీక్షించారు. పళ్ళను బట్టి వయసు చెప్పవచ్చు. రెండో పెద్ద దవడపన్ను సుమారు పన్నెండేళ్ళకు వస్తుంది. మీలో చాలామందికి ఇప్పుడే వస్తూ ఉంటుంది. పరీక్షించినవాళ్ళు వయసులు రాకుమారులకు సరిపోయాయన్నారు. కాని ఆ ఎముకలు మగపిల్లలవో ఆడపిల్లలవో తేల్చలేదు. ఏ శతాబ్దానివో తేల్చే కార్బన్ పరీక్ష అప్పటికి పుట్టనే లేదు. వాళ్ళు రాకుమారులే అనుకుని మొదలుపెట్టి, రాకుమారులే అని ముగించారు. ఇది శాస్త్రీయ పద్ధతి కాదని తరువాతి పరిశోధకులు మందలించారు. సింహాల పుర్రెలకు జరిగిన పరీక్షలు ఆ పిల్లల ఎముకలకు మాత్రం జరగలేదు.

తల పైకెత్తి బురుజు నాలుగు మూలలూ చూడండి. మూడు శిఖరాలు నలుచదరం, ఈశాన్యపు మూలది గుండ్రం. 1675లో జాన్ ఫ్లామ్‌స్టీడ్ అనే 28 ఏళ్ళ ఖగోళశాస్త్రజ్ఞుడు ఆ గుండ్రని శిఖరంలోంచే నక్షత్రాలను చూశాడు. నడిసముద్రంలో ఓడ ఎంత తూర్పున ఉన్నదో, ఎంత పడమట ఉన్నదో తెలియక నావికులు మునిగిపోతున్న కాలం అది. నక్షత్రాల పట్టిక సరిగా ఉంటే రేఖాంశం లెక్కకట్టవచ్చునని రాజు రెండో చార్లెస్ ఇతణ్ణి ఏడాదికి 100 పౌన్ల జీతం మీద నియమించాడు. కొద్ది నెలలకే గ్రీన్విచ్ గుట్టమీద వేధశాల లేచింది. దాని కలప, ఇనుము, సీసం ఈ కోటలో కూల్చిన ఒక ద్వారానివి. ఖర్చు 520 పౌన్లు. ఆ డబ్బెక్కడిదంటారా? చెడిపోయిన తుపాకిమందును అమ్మగా వచ్చింది! ఆ వేధశాల గుండానే 1884లో సున్నా రేఖాంశాన్ని గీశారు. మన గడియారాలు అక్కడి కాలానికి అయిదున్నర గంటలు ముందుగా నడుస్తాయి.

కోటలో ఉండే బొంతకాకుల రెట్టలు దూరదర్శినిమీద పడుతున్నాయని ఫ్లామ్‌స్టీడ్ ఫిర్యాదు చేశాడని, కాకులు పోతే రాజ్యం పోతుందని రాజు భయపడ్డాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ బాగానే ఉన్నది. కాని 1883కు ముందు ఈ కోటలో ఆ కాకులు ఉన్నట్టు పరిశోధకులకు ఆధారం చిక్కలేదు.

కొల్లూరు రాయి

చివరగా నగల భవనం. లోపల ఫొటోలు తీయనివ్వరు. కిరీటాల ముందు మనుషులు ఆగిపోకుండా నేలే కదులుతూ ఉంటుంది. దానిమీద నిలబడితే అదే మిమ్మల్ని ముందుకు జరుపుతుంది. కనుక ఏం చూడాలో ముందే తెలుసుకుని వెళ్ళండి.

రాజు కిరీటం ముందువైపున కోడిగుడ్డంత ఎర్రరాయి ఉంటుంది. దాన్ని 'నల్ల యువరాజు కెంపు' అంటారు. అది కెంపు కాదు! స్పినెల్ అనే వేరే ఖనిజం. కెంపు అల్యూమినియం ఆక్సైడ్. స్పినెల్‌లో దానికి తోడు మెగ్నీషియం కూడా ఉంటుంది. రంగు చూసి రెండింటినీ ఒకటే అనుకునేవారు. కెంపు కాంతి కిరణాన్ని రెండుగా చీలుస్తుంది, స్పినెల్ చీల్చదు. కంటికి దొరకని తేడా కాంతికి దొరికింది.

మరొక కిరీటంలో ఉన్నది కోహినూరు. కృష్ణా తీరాన పల్నాడులోని కొల్లూరు గనిలో దొరికిందని సంప్రదాయంగా చెప్పే వజ్రం. 17వ శతాబ్దంలో కొల్లూరుకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె, అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. వజ్రం మొగలాయీల చేతికి, 1739లో నాదిర్‌షా చేతికి, అటునుంచి ఆఫ్ఘన్లకు, పంజాబు రాజు రంజిత్‌సింగుకు చేరింది. 1849లో ఆంగ్లేయులు పంజాబును కలుపుకున్నప్పుడు వజ్రాన్ని ఇచ్చేస్తున్నట్టు ఒప్పందం మీద సంతకం పెట్టింది పదేళ్ళ బాలరాజు దులీప్‌సింగు. పదేళ్ళ పిల్లవాడి సంతకం!

1851లో లండన్ ప్రదర్శనలో పెడితే జనం విరగబడి చూశారు. చూసి పెదవి విరిచారు. గాజుముక్కలా ఉన్నదన్నారు. దీపాలు పెట్టారు, అద్దాలు పెట్టారు, ఐనా మెరవలేదు. ఎందుకు?

ఇప్పుడు నీళ్ళ గ్లాసు తీసి కంటికన్నా కొంచెం పైకెత్తండి. పక్కనుంచి, కిందగా, నీటి పైతలాన్ని చూడండి. వెండి అద్దంలా కనిపిస్తుంది. నీటిలోంచి పైకి వచ్చే కిరణం మరీ వాలుగా ఉంటే బయటికి పోలేదు, వెనక్కి తిరుగుతుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. నీటికి ఈ హద్దు సుమారు 49 డిగ్రీలు, గాజుకు 42, వజ్రానికి 24న్నరే. హారియట్ సూత్రంతోనే ఈ లెక్క వస్తుంది. అంటే వజ్రంలోకి పోయిన కాంతి తేలికగా బయటపడదు. అడుగు ముఖాలను తగిన కోణంలో కోస్తే లోపల తిరిగి తిరిగి మళ్ళీ పైనుంచే మీ కంట్లోకి దూకుతుంది. మన దేశపు పనివాళ్ళు రాయి బరువు పోకుండా పైపైన ముఖాలు తీర్చారు. అది చేతకానితనం కాదు, వాళ్ళ అభిరుచి వేరు. పెద్ద రాయి పెద్దగానే ఉండాలనుకున్నారు.

1852లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్ళను రప్పించి, ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద వజ్రపు పొడి, నూనె వేసి 38 రోజులు అరగదీశారు. సుమారు 191 క్యారట్ల రాయి 105.6 క్యారట్లయింది. క్యారట్ అంటే 0.2 గ్రాము, ఒకప్పుడు కేరోబ్ అనే చెట్టు గింజతో తూచేవారు గనుక ఆ పేరు, మన కంసాలి గురివింద గింజతో తూచినట్టే. అంటే 38 గ్రాముల వజ్రం 21 గ్రాములకు వచ్చింది. రెండు తులాలకు కూడా తక్కువ. నూటికి 45 పాళ్ళు పొడిగా పోయింది. మెరుపు వచ్చింది, పాత రూపం పోయింది. దాని అందం పెరిగిందా తగ్గిందా అన్నది త్రాసు చెప్పలేదు.

1937లో చేసిన రాణి కిరీటంలో అది ఇప్పుడున్నది. దాన్ని తిరిగి ఇవ్వాలని మన దేశమూ, పాకిస్తాను, ఇరాను, ఆఫ్ఘనిస్తాను కూడా అడిగాయి. 2023 పట్టాభిషేకంలో కొత్త రాణి దాన్ని ధరించలేదు. ఆ యేడు మార్చిన ప్రదర్శనలో ఆ రాయి 'ఆక్రమణకు గుర్తు' అని వాళ్ళే రాసిపెట్టారు. కదిలే నేలమీద మీకు దొరికే ఆ నిమిషంలో ముందు రాయిని చూడండి. తరువాత ఆ మాటలు చదవండి. కొల్లూరు గనులుండిన చోట మాత్రం ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళు నిలిచి ఉన్నాయి.